కడగొట్టు కోడలి కట్ట

అనంతపురం గురించి రాయబోయే ఎవరైనా మొదటి వాక్యంలో వానలెక్క చెప్తారు. ఏడాదికి 550 మిల్లీమీటర్లు, కొంచెం అటూ ఇటూ. నైరుతి రుతుపవనం పడమటి కనుమల అవతలే తడి దులుపుకొని వస్తుంది. ఈశాన్యం తూర్పుతీరం దాటి మాదాకా వచ్చేసరికి అలసిపోతుంది. జైసల్మేర్ తర్వాత దేశంలో తక్కువ వాన పడేది మాకే అన్న మాట మా బడిపిల్లలకి కూడా కంఠతా వచ్చు. ఆ లెక్కతో నాకు పేచీ లేదు. కానీ కరువు ఆకాశం నుంచి దిగివచ్చేదని ఒప్పుకున్న మరుక్షణం, ఆ కరువులో ఎవరు ఎంత బరువు మోశారన్న ప్రశ్న అడగాల్సిన పని లేకుండా పోతుంది. అందుకే ఈసారి ఆకాశాన్ని వదిలేసి ఒక చెరువు కట్ట దగ్గర మొదలుపెడుతున్నాను.

అనంతపురం దాటి తాడిపత్రి దారి పడితే కాసేపటికే బుక్కరాయసముద్రం. 1364లో బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడెయరు పండమేరు ఏటికి అడ్డకట్ట వేయించి ఇక్కడ చెరువులు కట్టించాడని చరిత్ర. ఒకటి బుక్కరాయసముద్రం, రెండోది అనంతసాగరం. అనంతసాగరం పక్కన వెలసిన ఊరే పెరిగి పెద్దదై అనంతపురమయింది. అంటే మాది చెరువుకి పుట్టిన ఊరు. ఈ పీఠభూమి దక్షిణాన హిందూపురం, మడకశిరల దగ్గర సముద్రమట్టానికి 600 మీటర్ల పైన ఉండి, ఉత్తరాన గుత్తి, తాడిపత్రి వైపు వాలుతూ దిగుతుంది. ఎర్రనేల పలచన, దాని కిందే రాయి. ఎవరో పేర్చి వెళ్ళిపోయినట్టుండే గుండ్ల కొండలు. పడ్డ వాన నిలవదు, పారిపోతుంది. పారిపోయే నీటికి ఎక్కడ వీలైతే అక్కడ మట్టికట్ట అడ్డం వేసుకుంటూ ఊళ్ళు పుట్టాయి. బస్సు కిటికీలోంచి చూసేవాళ్ళకి ఇదంతా ప్రకృతి. కట్ట మీద నిలబడి చూస్తే మాత్రం ఈ దృశ్యంలో సగం తట్టల్లో మోసుకొచ్చిందేనని తెలుస్తుంది.

ఆ కట్ట మీదే ముసలమ్మ గుడి ఉంది. ఆ తావుకే ముసలమ్మ కట్ట అని పేరు.

కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఒక ఏడు విపరీతంగా వానలు పడి చెరువు నిండి కట్ట తెగేట్టుంది. ఊరంతా కొట్టుకుపోతుందని భయపడుతుంటే, బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మని బలి ఇస్తే కట్ట నిలుస్తుందని ఒక పలుకు వినిపించింది. ఆమె అత్తమామల దగ్గర, భర్త దగ్గర సెలవు తీసుకుని, బిడ్డని అప్పగించి గండిలోకి నడిచిపోయింది. కట్ట నిలిచింది. బ్రౌను దొర 1853లో అచ్చువేయించిన అనంతపుర చరిత్రలో ఈ కథ ఉంది. అక్కడి నుంచి తీసుకుని 1899లో మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదువుకుంటున్న కట్టమంచి రామలింగారెడ్డి ఒక పోటీ కోసం 'ముసలమ్మ మరణము' అనే కావ్యం రాశాడు. అప్పటికి అతనికి ఇరవై ఏళ్ళు కూడా నిండలేదు. రాణులూ దేవకన్యలూ కాకుండా ఒక కాపు ఇంటి కోడలు నాయిక కావడం ఆ రోజుల్లో పెద్ద సాహసమే. ఆధునిక కావ్యాలకి అదే తొలి అడుగు అని మన సాహిత్యచరిత్రకారులు చాలామంది రాశారు. నేను కూడా డిగ్రీలో అలాగే చదువుకుని, అలాగే పరీక్ష రాసి, మంచి మార్కులే తెచ్చుకున్నాను.

తర్వాత ఎన్నో ఏళ్ళకి పాఠం చెప్పాల్సి వచ్చినప్పుడు ఒక విద్యార్థిని లేచి, "మేడమ్, ఆమె ఇష్టపడే పోయిందని ఎవరు చెప్పినారు?" అని అడిగింది. క్లాసు నవ్వింది. నేనూ నవ్వేశాను. ఆ నవ్వుకి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. ఎందుకంటే ఆ ప్రశ్నకి జవాబు కథలోనే ఉంది. పలుకు విన్నది ఊరు. పేరు చెప్పింది ఊరు. ఆమె ఒప్పుకుందని చెప్పిందీ ఊరే.

నన్ను ఇంకా వెంటాడింది మరొక ప్రశ్న. చిన్న కోడలే ఎందుకు?

ఇది మా ఒక్క ఊరి కథ కాదు. ఎల్లకి ఆవలి వైపు కన్నడ దేశంలో 'కెరెగె హార' అనే పాట ఉంది. చెరువు తవ్వించినా నీరు పడకపోతే మల్లనగౌడ ఇంట్లో లెక్కలు వేస్తారు. పెద్ద కోడలినిస్తే ఇల్లు నడిపేదెవరన్న సందేహం వస్తుంది. చిన్న కోడలు భాగీరథి దగ్గర ఆ సందేహం రాదు. ఆమె పుట్టింటికి వెళ్ళి, తల్లిదండ్రులకి నిజం చెప్పలేక తిరిగి వస్తుంది. వేల మైళ్ళ దూరంలో, ఇప్పటి అల్బేనియాలో ఉన్న స్కాదర్ కోట గురించి సెర్బు జనం పాడుకున్న పాటలో కోటగోడ నిలవడం లేదు. ముగ్గురు అన్నదమ్ముల భార్యల్లో మర్నాడు అన్నం తెచ్చే ఆమెని గోడలో పెట్టి కట్టాలని ఒట్టు వేసుకుంటారు. పెద్దవాళ్ళిద్దరూ ఒట్టు తప్పి రాత్రే భార్యలకి చెప్పేస్తారు. చిన్నవాడు నిజాయితీపరుడు, చెప్పడు. చిన్న కోడలు అన్నం తీసుకుని వస్తుంది. పసిబిడ్డకి పాలివ్వడానికి రొమ్ముల దగ్గర రెండు కన్నాలు విడిచిపెట్టమని మేస్త్రీని వేడుకుంటుంది.

ఒక దేశానికీ మరో దేశానికీ రాకపోకలు లేకపోయినా, గోడలోకి పోయేది మాత్రం కడగొట్టు కోడలే. దీని వెనక ఉన్న లెక్క చాలా మామూలు లెక్క అనిపిస్తుంది నాకు. కొడుకు వంశం. కూతురు ఇంకొక ఇంటికి ఇవ్వాల్సిన మాట. పెద్ద కోడలు ఈపాటికి కొడుకుల్ని కని, తాళంచెవులు చేతికి తీసుకుని ఇంటిలో వేరుపట్టి ఉంటుంది. చిన్న కోడలు నిన్నగాక మొన్న వచ్చింది. ఆ నేల మీద ఆమెకి ఇంకా ఏ హక్కూ పుట్టలేదు. ఆమె పోతే ఎవరి వాటా తగ్గదు. నేల ఎవరికి అందరికన్నా తక్కువ చెందుతుందో ఆ మనిషినే నేలకి ఇచ్చేశారు. ఇచ్చాక ఆ నేలకి ఆమె పేరు పెట్టారు.

ముసలమ్మ అన్న పేరు మీద కూడా నాకొక అనుమానం ఉంది. కథలో పడుచుపిల్ల, పేరేమో ముసలమ్మ. రాయలసీమలో ముసలమ్మ ఊరి దేవత పేరు కూడా. బహుశా అమ్మవారు ముందే కట్ట మీద ఉండి, కోడలి కథ తర్వాత వచ్చి ఆ పేరు కప్పుకుందేమో. రుజువు చెయ్యలేను. అనుమానంగానే వదిలేస్తున్నాను.

కథ పక్కన పెట్టి కట్ట సంగతికి వద్దాం. చెరువు ఎలా కట్టారో చెప్పే గొప్ప శాసనం మా పొరుగున కడప జిల్లా పోరుమామిళ్ళలో ఉంది. బుక్కరాయల కొడుకు భాస్కరరాయలు 1369లో వేయించింది. చెరువు కట్టడానికి ఎలాంటి నేల ఉండాలి, ఎలాంటి రాయి ఉండాలి, ఏ దోషాలు ఉండకూడదు అన్నీ వివరంగా చెప్తుంది. రెండేళ్ళపాటు రోజూ వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు పనిచేశారని రాయించాడు. వెయ్యిమంది అన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మట్టిపని జరిగే పద్ధతి మనందరికీ తెలుసు. తవ్వేది మగవాడు, తట్ట ఎత్తి మోసేది ఆడది. ఒడ్డె కుటుంబాలు ఈ ప్రాంతంలో తరతరాలుగా చెరువులు తవ్విందీ ఇలాగే. బిడ్డని చెట్టుకొమ్మకి చీర ఊయల కట్టి వేసి, కట్ట ఎక్కుతూ దిగుతూ మోసిన ఆడవాళ్ళు ఆ వెయ్యిమందిలో లేరని ఎవరనగలరు? శాసనం మాత్రం వాళ్ళని కూలీలు అన్న ఒక్క మాటలో కలిపేసింది. చెరువు కట్టించిన, బాగుచేయించిన పెద్దమనుషులకి దశబంధం ఇనాముగా భూములు దక్కాయి. మోసిన వాళ్ళకి ఆ రోజు కూలి దక్కింది. కాపు ఇంటి కోడలు ఒక్కరోజు కట్టలోకి పోతే గుడీ కావ్యమూ వచ్చాయి. ఏళ్ళ తరబడి అదే కట్టకి మట్టి మోసిన ఒడ్డె కోడళ్ళకి కథలో నీడ కూడా లేదు. మనం స్త్రీల చరిత్ర రాసుకునేటప్పుడు కూడా ఈ తేడా చూడకుండా ముసలమ్మ ఒక్కదాన్నే భుజాన ఎత్తుకుంటే మళ్ళీ ఊరు చెప్పిన కథే చెప్పినట్టవుతుంది.

ఈ మధ్య ఆల్ప్స్ కొండల్లోని ఒక పల్లె గురించి చదివాను. స్విట్జర్లాండులో వాలే ప్రాంతంలోని టోర్బెల్. రాబర్ట్ నెట్టింగ్ అనే మానవశాస్త్రవేత్త 1981లో దాని గురించి పుస్తకం రాశాడు. కొండచరియ మీద ఊరు, కాలవల్లో నీటి వంతులు, ఎవరు ఎన్ని ఆవుల్ని మేతకి తోలవచ్చో కట్టుబాట్లు. 1483 నాటి ఒప్పంద పత్రం ఇప్పటికీ ఉంది. మన నీరుగంటి, చెరువు కట్టుబాట్లు గుర్తొచ్చి దగ్గరితనం అనిపించింది. పోస్టుకార్డు మీద పచ్చగా కనిపించే ఆ వాలుపొలాల్లో మట్టి ఏటా కిందికి జారిపోయేది. ఆల్ప్స్ పల్లెల్లో వసంతకాలం రాగానే జారిన మట్టిని బుట్టల్లో వీపున మోసుకుంటూ మళ్ళీ పైకి చేర్చేవాళ్ళు. ఆడవాళ్ళూ మోసేవాళ్ళు. ఊరి ఉమ్మడి మీద హక్కు మాత్రం తండ్రి వైపు నుంచి వచ్చేది. స్విట్జర్లాండు స్త్రీలకి జాతీయ ఎన్నికల్లో ఓటు 1971లో వచ్చింది. అపెన్‌జెల్ ఇన్నర్‌రోడెన్ అనే చిన్న రాష్ట్రంలో అయితే 1990లో కోర్టు చెప్పేదాకా స్థానిక ఓటు లేదు. బుట్ట మోసే వీపు, ఊరి సభలో లేవని చెయ్యి. మంచుకొండకీ ఎర్రనేలకీ ఇంతకన్నా చుట్టరికం ఏం కావాలి?

మళ్ళీ మా నేలకి వస్తే, మాకు కట్టలోని స్త్రీతో పాటు చెట్టులోని స్త్రీ కూడా ఉంది. కదిరి దగ్గర గూటిబయలులో తిమ్మమ్మ మర్రిమాను. ప్రపంచంలోనే అతి పెద్ద మర్రి అని 1989లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. 1434లో తిమ్మమ్మ భర్త చితిలో కాలిపోతే, ఆ చితికి నాటిన గుంజ చిగిర్చి ఈ మాను అయిందని చెప్తారు. పిల్లలు లేని దంపతులు వచ్చి మొక్కుకుంటారు. నేను వెళ్ళినప్పుడు ఆ ఊడల కింద చల్లగా ఉంది, కూర్చోబుద్ధయింది. కూర్చున్నాను కూడా. నీడ ఎంత నిజమో అది ఏ మంట మీంచి వచ్చిందని చెప్తున్నారో ఆ కథ కూడా అంతే నిజంగా మనల్ని నొక్కుతుంది. 2022లో జిల్లా రెండయ్యాక ఆ మాను శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది. అదే నంబులపూలకుంట మండలంలో ఇప్పుడు వేల ఎకరాల్లో సౌరఫలకాలు పరిచారు. మర్రినీడకీ వాటి నీడకీ మధ్య మేకలు తోలుకుపోయే ఆడవాళ్ళు కనిపిస్తారు.

1800లో నిజాం ఈ సీమని కుంపినీకి ఇచ్చేశాడు. దత్తమండలాలకి ప్రధాన కలెక్టరుగా వచ్చిన తామస్ మన్రో 1807 దాకా ఉండి పొలం పొలం కొలిపించి రైతువారీ పద్ధతి పెట్టాడు. మన్రో అంటే మా వైపు ఇప్పటికీ ప్రేమే. పిల్లలకి ఆ పేరు పెట్టుకున్న ఇళ్ళున్నాయి. జమీందారు లేకుండా నేరుగా రైతు పేరున పట్టా రావడం చిన్న విషయం కాదు, ఒప్పుకుంటాను. అయితే ఆ 'రైతు' అన్న మాట కాగితం మీద చాలావరకు ఇంటి మగవాడి పేరుగా స్థిరపడిందని కూడా చెప్పుకోవాలి. గొర్రు వెనక నడుస్తూ విత్తనం వేసే ఆమె, కలుపు తీసే ఆమె, కోత కోసే ఆమె రైతు భార్య అయింది.

ఆ కాగితంలోకి ఆడపిల్ల పేరు ఎక్కే ఒక దారి ఉండేది. ఆ దారి తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. బళ్ళారి, అనంతపురం పల్లెల్లో కొడుకులు లేని ఇంట్లో ఒక కూతురిని బసివిని చేసేవాళ్ళు. ముఖ్యంగా బోయ, మాదిగ, మాల కుటుంబాల్లో. దేవుడి పేరున ముద్ర వేసిన తర్వాత ఆమెకి పెళ్ళి లేదు. పుట్టింట్లోనే ఉండి కొడుకులాగా ఆస్తి పొందుతుంది, తండ్రికి తలకొరివి పెడుతుంది, ఆమె పిల్లలు తాత ఇంటిపేరుతోనే పెరుగుతారు. ఫాసెట్ అనే పోలీసు అధికారి 1890ల మొదట్లో దీని మీద వ్యాసం రాస్తూ, మగవాళ్ళ హక్కులు పొందే స్త్రీలు అని ఆశ్చర్యపోయాడు. హక్కు అన్నాడు కానీ ఆ హక్కుకి కట్టిన ధర ఆమె శరీరం. ఊళ్ళో పెద్దకులాల మగవాళ్ళకి ఆమె ఎవరికీ చెందని ఆడది. దేవదాసీల అంకితాన్ని నిషేధిస్తూ 1988లో మన రాష్ట్రం చట్టం చేసింది. అయినా బసివి వ్యవస్థ గురించి చదివినప్పుడల్లా ముసలమ్మే గుర్తొస్తుంది. ఈ నేల మీద కూతురు భూమి పొందాలంటే ఎప్పటికీ ఎవరి కోడలూ కాకూడదు. కోడలైతే భూమి ఆమెని పొందుతుంది.

ధాత కరువు మాట మా అవ్వ నోట విన్నాను. ఆమె పుట్టకముందు ఎప్పుడో జరిగింది. ఆమెకి తన అవ్వ చెప్పింది. 1876-78 నాటి కరువు, ధాత నామ సంవత్సరంలో మొదలైంది. అప్పటికి అనంతపురం బళ్ళారి జిల్లాలో భాగం, 1882లో గానీ వేరే జిల్లా కాలేదు. 1871, 1881 జనాభా లెక్కల మధ్య ఆ బళ్ళారి జిల్లాలో దాదాపు అయిదో వంతు జనం తగ్గిపోయారు. కరువు పనుల్లో ఖర్చు తగ్గించడానికి వచ్చిన రిచర్డ్ టెంపుల్ 1877 మొదట్లో మగకూలికి రోజుకి ఒక పౌను ధాన్యం, దాని మీద కొంచెం చిల్లర అని ఖరారు చేశాడు. ఆడకూలికీ పిల్లలకీ అంతకన్నా తక్కువ. ఆ తిండితో రోడ్లకి రాళ్ళు కొట్టాలి, మట్టి మోయాలి. మద్రాసు ఆరోగ్యశాఖాధికారి కార్నిష్ ఇది మనిషి బతికే కొలత కాదని పోట్లాడాడు. కొన్ని నెలలకి కూలి పెంచారు. అప్పటికే పోయినవాళ్ళు పోయారు. ఆడదానికి తక్కువ ఎందుకో ఆ కాగితాల్లో ఎవరూ వివరించలేదు. వివరించాల్సిన విషయం అని కూడా ఎవరికీ తోచలేదు.

హూపర్ అనే సైనికాధికారి ఆ కరువులో తీసిన ఫొటోలు చూశాను. ఎముకల గూళ్ళయిన ఆడవాళ్ళు, ఒళ్ళో పసికందులు. వరసగా కూర్చోబెట్టి తీశాడు. ఒక్కరి పేరూ లేదు. మా అవ్వకి వాళ్ళ అవ్వ చెప్పిన సంగతి వేరుగా ఉంటుంది. కరువొస్తే ఏ ఆకు తినవచ్చో, ఏ గడ్డ ఎన్నిసార్లు ఉడికించి నీళ్ళు పారబోస్తే విషం పోతుందో, ఆకలితో ఉన్న బిడ్డకి గంజి ఒకేసారి పొయ్యకూడదని ఎలా తెలుసుకోవాలో. ఆ అవ్వ బతికింది కాబట్టి ఆ మాటలు మాదాకా వచ్చాయి. ఆమెకి గుడి లేదు.

1928లో నంద్యాల సభలో దత్తమండలాలకి రాయలసీమ అని కొత్త పేరు పెట్టుకున్నారు. పేరు మారింది. 1951 తర్వాత వరసగా వానలు తప్పి, ఊరూరా గంజి కేంద్రాలు తెరవాల్సి వచ్చింది. ఆ కాలపు తడి ఆరకముందే తరిమెలలో పుట్టిన విద్వాన్ విశ్వం 'పెన్నేటి పాట' రాశాడు. 1956లో అచ్చయింది. రంగన్న, గంగమ్మల కథ. అందులో గంగమ్మ నిండుచూలాలుగా ఉండి కష్టం చేస్తుంది. చచ్చిపోయి పూజలందుకునే ఆడదాన్ని వదిలి, పని చేస్తూ ఆకలితో ఉన్న ఆడదాన్ని కావ్యంలోకి తెచ్చినందుకు ఆయనకి మనం రుణపడి ఉండాలి.

వేరుశనగ గురించి కొంచెం ఎక్కువ రాయాలి. బయటివాళ్ళకి అది పంట. మాకు అది ఒక కాలం.

పాత చేనుని తలుచుకుంటే మొదట గుర్తొచ్చేది దాని కలగాపులగం. ముంగారులో కొర్ర, సజ్జ, ఆరిక. నల్లరేగడి ఉన్నచోట హింగారు జొన్న. మధ్యలో కంది, అలసంద, అనప, ఉలవ. అక్కడి సాళ్ళలో ఆముదమో గోగో. ఒకటి పోతే ఒకటి నిలిచేది. జొన్నచొప్ప గొడ్లకి, కందికట్టె పొయ్యిలోకి. మరుసటి ఏడాదికి విత్తనం ఎన్ను చూసి ఏరి, ఎండబెట్టి, బూడిదా వేపాకూ కలిపి కుండల్లో పెట్టేది ఆడవాళ్ళు. ఏ విత్తనం ఎంత ఉందో ఇంటి మగవాడు ఆమెని అడగాల్సిందే. నూనెగింజలకి ధర రావడంతో 1960ల తర్వాత వేరుశనగ పాకడం మొదలై, 1990ల నాటికి జిల్లా సాగుభూమిలో సగానికి చాలా మించి అదొక్కటే అయింది. డబ్బు కళ్ళజూసిన మాట నిజం. పెంకుటిళ్ళు లేచాయి, పిల్లలు కాలేజీకి పోయారు. ఆ పిల్లల్లో నేనొకదాన్ని, కాబట్టి శెనక్కాయని తిట్టే నైతిక హక్కు నాకు పూర్తిగా లేదు.

కానీ ఇంట్లో ఒక మార్పు వచ్చింది, దాన్ని ఎవరూ లెక్క రాయలేదు. శెనగవిత్తనం ఎకరానికి బస్తాల్లో కావాలి. కుండల్లో దాచలేం. ఏటా సబ్సిడీ విత్తనాల కోసం మగవాళ్ళు పాస్‌బుక్ పట్టుకుని లైన్లో నిలబడ్డారు, లేదంటే షావుకారు దగ్గర అప్పు పెట్టారు. విత్తనం ఆడదాని కుండలోంచి వెళ్ళిపోయింది. ఆమెకి మిగిలింది వొలుపుడు. విత్తే ముందు బస్తాలకి బస్తాలు చేత్తో వొలవాలి, బొటనవేళ్ళు పుండ్లు పడేదాకా. తర్వాత కలుపు. తర్వాత పెరికిన చెట్ల నుంచి కాయ తెంపడం. పని పెరిగింది, మాట తగ్గింది. పొయ్యిలోకి కందికట్టె లేక కంపకోసం దూరం నడిచింది. ఇక బోర్ల పిచ్చి. ఒక బోరు ఎండితే ఇంకో బోరు. మొదట ఆమె గాజులు, తర్వాత కమ్మలు, ఆఖరికి పుస్తె. లోతుకి పోయినకొద్దీ నీళ్ళతో పాటు ఫ్లోరైడు పైకొచ్చింది.

ఆత్మహత్యల సంగతి మీరంతా పేపర్లలో చదివిందే. 2004 జూన్ 1న ప్రభుత్వం 421 నంబరు జీవో ఇచ్చింది. చనిపోయిన రైతు కుటుంబానికి లక్ష రూపాయలు, అప్పులవాళ్ళకి తీర్చడానికి యాభై వేలు. తర్వాతి ప్రభుత్వాలు ఆ మొత్తం పెంచాయి. అధికారుల కమిటీ ఒకటి వచ్చి విచారిస్తుంది. చచ్చిపోయినతను రైతేనా, అప్పు వ్యవసాయానికేనా, ఇంట్లో ఇంకేమైనా గొడవలున్నాయా? పాస్‌బుక్ మామ పేరున ఉంటే, లేదా కౌలుకి చేసుంటే, తన మొగుడు రైతేనని రుజువు చెయ్యాల్సిన బాధ్యత కోడలి మీద పడుతుంది. ఇరవై అయిదేళ్ళ పిల్ల, చంకలో బిడ్డ, చేతిలో షావుకారు రాసిన చిట్టీలు. ఆమె ఏ నేల కోసం గాజులమ్మిందో ఆ నేల ఆమెది కాదు. ఆమె మొగుడిదని కూడా ఆమే చూపించాలి.

మనకి 1985 సెప్టెంబరు నుంచే ఉమ్మడి ఆస్తిలో కూతురికి సమాన హక్కు ఉంది. ఎన్టీఆర్ హయాంలో వచ్చిన ఆ సవరణ దేశమంతటికీ 2005లో వచ్చింది. అప్పట్లో మనం సంబరపడ్డాం, పడాల్సిందే. కానీ ఆ హక్కు కూతురికి, పుట్టింట్లో. ఆమె కష్టం చేసేది అత్తగారి చేలో. పుట్టింట్లో అడిగితే అన్నదమ్ములు దూరం. మెట్టినింట్లో మొగుడి ద్వారా తప్ప అడగడానికి ఏమీ లేదు. ముసలమ్మ గండి దగ్గర నిలబడ్డ చోటే నిలబడింది.

2006 ఫిబ్రవరి 2న మా నార్పల మండలం బండ్లపల్లిలో ప్రధాని మన్మోహన్ సింగ్ ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించారు. పని అడిగే హక్కు. ఆడా మగా తేడా లేని కూలి రేటు. టెంపుల్ కూలి ప్రకటించిన 129 ఏళ్ళకి అదే సీమలో ఇది జరిగింది. మన రాష్ట్రంలో పనికొచ్చినవాళ్ళలో సగానికి పైగా ఆడవాళ్ళే. కార్డు మాత్రం కుటుంబానికి ఒకటి. చేసిన పనుల్లో చెరువుల పూడికతీత ముఖ్యమైనది. అంటే మళ్ళీ తట్ట, మళ్ళీ కట్ట.

అలాంటి ఒక పని దగ్గర, మా వైపే ఒక చిన్న చెరువులో, ఒక అవ్వతో కాసేపు మాట్లాడాను. ఎండ అప్పటికే మండుతోంది. జనం తెల్లవారకముందే వచ్చి సగం పని చేసేశారు. అరవై దాటి ఉంటుంది ఆమెకి. నా నోటుబుక్కు చూసి నవ్వింది.

"అవ్వా, భూమి ఎవరి పేరున ఉంది?"

"మా మామ పేరన. ఆయప్ప పోయి ఇరవై ఏండ్లు దాటె. మొగుడూ పోయె. ఇంగా ఆయప్ప పేరనే ఉండాది."

"మీ పేరుకి మార్చమని అడగలేదా?"

"అడిగితి. నీకెందుకమ్మా, నీ కొడుకు ఉండాడు గదా అనిరి."

ముసలమ్మ కథ తెలుసా అని అడిగాను. తెలుసంది. చిన్నప్పుడు బండి కట్టుకుని ఆ కట్ట దగ్గరికి పోయేవాళ్ళట. ఆమె ఒక్కతే పోయి ఊరిని కాపాడింది కదా అన్నాను, ఏమంటుందో విందామని.

అవ్వ తల గుడ్డ సర్దుకుని చుట్ట చుట్టుకుంటూ, "ఆయమ్మ పాయె, సరే. మన్ను పొయ్యకుండా గండి యాడ పూడ్తాది పాపా? ఆ పొద్దు ఎవురో ఒగరు తట్టలు మోసింటారు" అంది. తర్వాత కాలితో తట్టని నా వైపు జరిపింది.

"ఊరికే నిలబడుకోకుంటే, ఈపక్క ఒగ చెయ్యి ఎయ్యి. నెత్తికెత్తు."